2019 లయన్ కింగ్ లైవ్ యాక్షనా, యానిమేషనా?

చిత్రలేఖ: ఒక సైట్‌కి సినిమాల వివరాలు ఎక్కిస్తుంటాను. కొత్తగా లైవ్ యాక్షన్, యానిమేషన్ అని రెండు ఆప్షన్లు పెట్టారు. మనుషులుంటే మొదటిది, బొమ్మలైతే రెండోది అని టకటకా నింపేస్తూ 2019 లయన్ కింగ్ దగ్గర ఆగిపోయాను. సింహాలేమో అచ్చం నిజం సింహాల్లా ఉన్నాయి. ఎందులో వెయ్యాలి?

రాత్రిషో: లైవ్ యాక్షన్‌లో వేసెయ్యండి. పాత కార్టూన్‌కి లైవ్ యాక్షన్ రీమేక్ అనే కదా అందరూ రాశారు.

కీఫ్రేమ్: రాశారు లెండి. అందులో కెమెరాతో తీసిన షాట్ ఒకే ఒక్కటి, మొదట్లో వచ్చే సూర్యోదయం. ఈ మాట దర్శకుడు జాన్ ఫావ్రోనే చెప్పాడు. మిగతాదంతా కంప్యూటర్‌లో చేసిందే. గోల్డెన్ గ్లోబ్స్‌లో నామినేట్ అయింది కూడా యానిమేషన్ విభాగంలోనే. అదే దర్శకుడి జంగిల్ బుక్ (2016) సంగతి వేరు. అడవి, జంతువులు గ్రాఫిక్సే అయినా మోగ్లీగా వేసిన పిల్లాడు కెమెరా ముందు నిజంగానే పరిగెత్తాడు. మా వీఎఫ్ఎక్స్ పనిలో అలా షూట్ చేసిన ఫుటేజీని ప్లేట్ అంటాం. మోగ్లీకి ప్లేట్ ఉంది, లయన్ కింగ్‌లోని సింహం సింబాకి లేదు.

రాత్రిషో: అంటే కెమెరాతో తీస్తే చాలా?

మట్టిబొమ్మ: చాలదు. నేను స్టాప్ మోషన్ చేస్తాను. బొమ్మ నిజం, లైటు నిజం, కెమెరా నిజం. కానీ బొమ్మ చెయ్యెత్తాలంటే వేలితో రవ్వంత జరిపి ఒక ఫోటో, మళ్లీ జరిపి ఇంకో ఫోటో. ఓపిక చచ్చిపోతుంది. తెరమీద కనిపించే ఆ కదలిక కెమెరా ముందు ఎప్పుడూ జరగలేదు, అందుకే అది యానిమేషన్.

వెన్నెలతెర: మామూలు సినిమాలను ఎవరూ లైవ్ యాక్షన్ అనరు కదా! పక్కన కార్టూనో, యానిమేనో (జపాన్ యానిమేషన్) ఉన్నప్పుడే ఆ మాట వస్తుంది. మా తమ్ముడైతే లైవ్‌లో వచ్చే ఫైటింగ్ సినిమా అనుకున్నాడు.

రాత్రిషో: మరి అవతార్? అందులో నీలం మనుషులంతా గ్రాఫిక్సే.

కీఫ్రేమ్: అది మోషన్ కాప్చర్. నటుల కదలికలను, ముఖకవళికలను రికార్డు చేసి కంప్యూటర్ బొమ్మకు ఎక్కిస్తారు. ఆస్కార్ నిబంధనల్లో మోషన్ కాప్చర్ ఒక్కటే ఉంటే యానిమేషన్‌గా లెక్కలోకి రాదు. పైగా యానిమేషన్ చిత్రం అనాలంటే నిడివిలో కనీసం 75 శాతం యానిమేషన్ ఉండాలి. పైగా అవతార్‌లో మామూలుగా షూట్ చేసిన సీన్లూ ఉన్నాయి. నేనైతే లైవ్ యాక్షన్ అనే అంటాను, గొడవపడేవాళ్లు ఎలాగూ పడతారు.

చిత్రలేఖ: లయన్ కింగ్ యానిమేషన్‌లో వేసేశాను. నటులూ కార్టూన్లూ కలిసి ఆడిన రోజర్ రాబిట్ (1988) కోసం ‘రెండూ’ అనే ఆప్షన్ పెట్టమని అడిగాను. అవతార్ జోలికి మాత్రం ఇవాళ వెళ్లను.