రాత్రి పక్షుల కోసం థర్మల్ బైనాక్యులర్: ఏది కొనాలి?

ఉద్దానం పిట్టలు:

అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర పల్లె. చలికాలం వస్తే పక్షులు గూళ్లు కట్టే తేలినీలాపురం, నౌపడ ఉప్పుమళ్లు, ఇంటి వెనుక జీడితోట, ఇవే నా తిరుగుళ్లు. పగటిపూట చూడటానికి 8×42 బైనాక్యులర్ ఉంది, దానితో ఏ లోటూ లేదు. నా బాధంతా చీకటి పడ్డాకే. జీడితోటలో రాలిన ఆకుల మధ్య కూర్చుని నైట్‌జార్ అనే రాత్రి పిట్ట పలుకుతూనే ఉంటుంది. టార్చి వేస్తే కన్ను ఒక్క క్షణం నిప్పుకణంలా మెరుస్తుంది, ఆ వెంటనే పిట్ట లేచిపోతుంది. దాన్ని బెదరగొట్టకుండా, తీరిగ్గా చూడాలని ఎన్నాళ్లుగానో ఆశ.

అందుకే థర్మల్ బైనాక్యులర్ కొందామనుకుంటున్నాను. 384×288 పిక్సెళ్ల సెన్సర్ చాలా, 640×512 కావాలా? ధరల్లో తేడా చాలా ఉంది. ఒకదాని పెట్టె మీద 1,200 మీటర్ల వరకు కనిపెడుతుందని రాశారు, నమ్మవచ్చా? తేలినీలాపురంలో రాత్రిపూట గూళ్లు చూడటానికి కూడా పనికొస్తుందా? వాడినవారు చెప్పండి.

టెక్కలి మాష్టారు:

పిట్టను బెదరగొట్టకూడదన్న మీ మాటకు ముందుగా నా నమస్కారం. థర్మల్ పరికరం వెలుతురు వేయదు, వస్తువుల నుంచి వచ్చే వేడిని మాత్రమే పట్టుకుంటుంది. ఆ విషయంలో మీరు సరైన దారిలోనే ఉన్నారు.

ఆ 1,200 మీటర్ల లెక్క నిలబడి ఉన్న మనిషిది, పిట్టది కాదు. అదైనా అక్కడేదో ఉందని చుక్కలా తెలిసే దూరం, మనిషిని గుర్తుపట్టే దూరం కాదు. పిట్టకు లెక్క మీరే కట్టుకోవచ్చు. ఇప్పుడు వచ్చే సెన్సర్లలో ఒక్కో పిక్సెల్, అంటే బొమ్మను కూర్చే ఒక్కో చుక్క, సాధారణంగా 12 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). కటకం 25 మిల్లీమీటర్లదైతే, వంద మీటర్ల దూరంలో ఒక్క పిక్సెల్‌లో దాదాపు 5 సెంటీమీటర్ల మేర ఇముడుతుంది. తీతువు పొడవు ముప్పై సెంటీమీటర్లకు కాస్త పైన. అంటే వంద మీటర్లలో అది ఆరేడు పిక్సెళ్లు, మూడు వందల మీటర్లలో రెండు. రెండు పిక్సెళ్లలో తీతువేదో ఎలుకేదో ఎవరు చెప్పగలరు? 35 మిల్లీమీటర్ల కటకంతో పిక్సెల్‌కు మూడున్నర సెంటీమీటర్లు పడుతుంది. బొమ్మ మెరుగవుతుంది, కానీ కనిపించే మేర తగ్గుతుంది. 384 సెన్సర్‌కు 25తో పదిన్నర డిగ్రీల వెడల్పు ఉంటే, 35తో ఏడున్నరే. 640 సెన్సర్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది: 35 కటకంతో కూడా పన్నెండున్నర డిగ్రీలు చూపుతుంది. కానీ మీ తోటలో చెట్ల మధ్య ముప్పై నలభై మీటర్లకు మించి చూపు సాగదు కదా. అక్కడికి 384, 25 కటకం నిండుగా సరిపోతాయి.

బొమ్మ ఎలా ఉంటుందో ముందే తెలుసుకోండి. డిసెంబరులో తెల్లవారకముందు, వరి కోసి మినుము చల్లిన మడిలో తీతువును చూశాను. పిట్ట ఒళ్లంతా వెలుగుతుందనుకుంటాం. పక్షి ఒంటి వేడి 40 డిగ్రీల పైనే అయినా ఈకలు దాన్ని బయటికి రానివ్వవు. వీపు చుట్టూ ఉన్న నేల కంటే కొంచెమే తెల్లగా ఉంది. ముఖం, కళ్ల చుట్టూ మాత్రం ధగధగమన్నాయి. తల వెనక్కి తిప్పి రెక్కలో దూర్చుకోగానే ఆ వెలుగు కాస్తా మాయమై, మట్టిపెళ్లలా మిగిలింది. నిద్రపోయే పిట్టను దాటిపోవడం అందుకే చాలా సులువు. రంగులు అసలే తెలియవు. కనుక థర్మల్‌తో ఎక్కడుందో వెతకాలి, ఏ పిట్టో తేల్చడానికి గొంతు వినాలి, లేదా వెలుగు వచ్చేదాకా ఆగి మీ 8×42తో చూడాలి.

ఇంకొక సంగతి. థర్మల్ బైనాక్యులర్లలో చాలావాటికి లోపల ఉండేది ఒకే కటకం, ఒకే సెన్సర్. ఆ ఒక్క బొమ్మనే రెండు కళ్లకూ చూపిస్తాయి. కంటికి అలసట తగ్గుతుంది, నిజమే, కానీ లోతు తెలియదు. గంటల తరబడి చూసేవారికి తప్ప ఒక కంటితో చూసేదే మేలని నా అభిప్రాయం. మిగిలిన డబ్బు మంచి సెన్సర్‌కు పెట్టండి. ఎంత చిన్న వేడి తేడాను పట్టగలదో చెప్పే సున్నితత్వాన్ని మిల్లీకెల్విన్లలో (డిగ్రీలో వెయ్యో వంతుల్లో) రాస్తారు, ఆ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. 25, అంతకు తక్కువ ఉంటే తీసుకోండి. మన తీరపు గాలికి అది తప్పనిసరి.

తేలినీలాపురం గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పిల్లలతో ఉన్న రోజుల్లో రాత్రిపూట ఆ చెట్ల కిందికి వెళ్లవద్దు. పరికరం వెలుతురు వేయకపోయినా మీ అడుగుల చప్పుడు చాలు. పెద్దపక్షి ఉలిక్కిపడి లేస్తే గూటి అంచున ఉన్న పిల్ల కింద పడుతుంది. ఆ ఊరివాళ్లు వాటిని ఇంటి బిడ్డల్లా చూసుకుంటారు. మనం పగలు, దూరం నుంచి చూద్దాం.

బొబ్బిలి కెమెరా:

మాష్టారు తీరపు గాలి అన్నారు కాబట్టి ఆ మాట కొంచెం విప్పుతాను. పొగమంచు, వాన ఉంటే థర్మల్ చూపు బాగా తగ్గిపోతుంది. వాన వెలిసిన వెంటనే నేల, ఆకు, రాయి అన్నీ ఒకే చల్లదనానికి వచ్చి తెర అంతా బూడిదరంగు అవుతుంది. సాయంత్రం పొద్దు గుంకగానే వెళ్లినా చిక్కే. గట్టు మీది రాళ్లు పగటి వేడిని వదలవు, ప్రతి రాయీ పిట్టలాగే మెరుస్తుంది. ఆకాశం తేటగా ఉన్న చలిరోజు, తెల్లవారుజామున నాలుగింటి నుంచి వెలుగు వచ్చేదాకా చూడండి. ఏప్రిల్ మధ్యాహ్నం మాత్రం బీడు నేల పిట్ట కంటే ఎక్కువ కాగి ఉంటుంది, ఏమీ తేలదు.

కారులో కూర్చుని చూసేవారు అద్దం దించాలి. మామూలు గాజు ఆ వేడి కిరణాలను లోపలికి రానివ్వదు. అందుకే ఈ పరికరాల కటకాలు జెర్మేనియంతో చేస్తారు, ధర పెరగడానికి అదీ ఒక కారణం.

ఉద్దానం పిట్టలు:

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. 384, ఒక కంటిదే తీసుకుంటాను. గూళ్ల దగ్గరికి రాత్రి వెళ్లను, మాట ఇస్తున్నాను. ఒక్క సందేహం: దుకాణంలో చూసినప్పుడు మధ్యమధ్యలో టిక్కుమని శబ్దం వచ్చి బొమ్మ ఒక క్షణం ఆగింది. అది లోపమా?

టెక్కలి మాష్టారు:

లోపం కాదు. లోపల చిన్న మూత సెన్సర్ ముందుకు వచ్చి పోతుంది, పిక్సెళ్లన్నీ సమానంగా ఉన్నాయో లేదో సరిచూసుకోవడానికి. నిశ్శబ్దంగా ఉన్న తోటలో దగ్గరి పిట్టకు అది వినిపించవచ్చు. కొన్నిటిలో దీన్ని మీట నొక్కినప్పుడే జరిగేలా మార్చుకోవచ్చు, కొనేముందు ఆ ఏర్పాటు ఉందో లేదో చూడండి. సెకనుకు ఎన్ని బొమ్మలో కూడా అడగండి. 9 అయితే ఎగిరే నైట్‌జార్ తెర మీద గెంతుతూ పోతుంది, 50 ఉన్నదే తీసుకోండి. బ్యాటరీ విడిగా తీసి మార్చుకునే రకమైతే ఇంకా మంచిది.