పోలీస్ వేలంలో డిజైర్ డీజిల్ తీసుకోవచ్చా? రిపేర్లకి ఎంత పెట్టుకోవాల?

చంద్రగిరి కుర్రోడు:
అన్నలూ నమస్తే. మాది చంద్రగిరి, రోజూ రేణిగుంట దాకా డ్యూటీకి పోయి రావాల, ఇన్నాళ్ళూ బైకుతోనే నెట్టుకొచ్చినా కానీ ఇప్పుడు నాయనకి మోకాళ్ళ నొప్పులు, ఆస్పత్రికి తీసుకుపోవాలన్నా బైకు ఎక్కలేకపోతా ఉండాడు. కారు కావాల, మొత్తం మూడు లక్షల లోపల అయిపోవాల. పోలీసోళ్ళ పాత బండ్లు వేలం వేస్తా ఉండారంటే పోయి చూసొచ్చినా. అందులో 2014 డిజైర్ డీజిల్ ఒకటి ఉండాది, మీటర్లో లక్షా ముప్పై వేలు చిల్లర. బాడీ పర్వాలేదు, పైన లైటు పీకేసిన చోట బొక్కలుండాయి, డ్యాష్‌బోర్డులో వైర్‌లెస్ సెట్టు బిగించిన చోట కూడా. సర్కారు పాట ఒకటిన్నర లక్ష దగ్గర మొదలవుతుందంట. పోలీసు బండ్లలో మామూలుగా ఏమేం పోతాయి, చేయించడానికి తిరుపతిలో ఎంత అవుతుంది, తెలిసినోళ్ళు చెప్పండి ప్లీజ్.

పాత ఎంటీ డ్రైవర్:
తమ్ముడూ, నేను డిపార్ట్‌మెంట్లో డ్రైవరుగా చేసి రిటైర్ అయినోడిని. ముందు ఆ కిలోమీటర్ల లెక్క పక్కన పెట్టు. మన బండ్లు నడిచేదానికంటే నిలబడి ఇంజను తిరిగేదే ఎక్కువ. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు తీసుకో, మధ్యాహ్నం పెట్టిన చోటే అర్ధరాత్రి దాకా బండి ఉంటాది, లోపల సార్ ఉంటారు, ఏసీ నడవాల, సెట్టు నడవాల, పైన లైటు తిరగతా ఉండాల, ఇంజను ఆపేదానికి లేదు. మీటర్లో ఒక్క కిలోమీటరు కూడా పెరగదు కానీ ఇంజను మాత్రం అన్ని గంటలు అరిగింది కదా. ఆయిల్ మార్చేది కిలోమీటర్లు చూసే, అందుకే ఆయిల్ నల్లగా చిక్కగా అయిపోయినా ఇంకా టైం రాలేదులే అని అట్లే తిరగతా ఉంటాయి.

ఇంకోటి, ఒకే బండి చాలామంది చేతులు మారతాది. ఒకడు క్లచ్ మీద కాలు పెట్టే నడుపుతాడు, ఇంకొకడు గేర్ గుంజుతాడు. కానీ మంచి ఆఫీసరు దగ్గర ఒకే డ్రైవరు చానా కాలం చూసుకున్న బండి దొరికితే బంగారమే, అట్లాంటివి నేను చూసినా. ప్రతి బండికీ లాగ్‌బుక్ ఉంటాది, చూపిస్తారేమో అడుగు, ఏ డ్యూటీలో తిరిగింది, ఎప్పుడు ఏం మార్చినారు అనేది తెలుస్తాది.

ఆటోనగర్ మెకానిక్:
డ్రైవర్ అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. డీజిల్ బండి ఐడిలింగ్‌లో, అంటే నిలబడి ఇంజను తిరగతా, గంటలు గంటలు ఉంటే ఇంజను సరిగ్గా వేడెక్కదు, మసి పట్టేస్తాది, ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్ళీ ఇంజనులోకి పంపేది), ఇన్‌టేక్ (గాలి లోపలికి పోయే దారి) అంతా నల్లగా గడ్డ కడతాది. అప్పుడు పికప్ పోతాది, నల్ల పొగ వస్తాది. క్లీనింగే అయితే రెండు మూడు వేలల్లో అయిపోతాది, భయపడొద్దు. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు పోతేనే కష్టం, నాలుగుంటాయి, రిపేరుకి ఒక్కోదానికి ఐదారు వేలు, కొత్తవైతే ఒక్కోటి పదివేలు దాటిపోతాది. ఇంజనుకి గాలి తోసే టర్బో ఆయిల్ కారతా ఉంటే లోపలి కోర్ మార్చి చేయిస్తే పన్నెండు పదిహేను వేలు.

ఆ ఇంజను మాత్రం మంచిదే, ఫియట్ 1.3 మల్టీజెట్, 1248 సీసీ, స్విఫ్ట్, ఇండికా విస్టా, పుంటో అన్నింట్లో అదే. మారుతి 2020లో డీజిల్ ఆపేసినా స్పేర్లకి కరువు లేదు, మన దగ్గర దొరక్కపోతే చెన్నై పుదుపేటకి పోతే సెకండ్ హ్యాండ్‌వి దొరుకుతాయి. దీనికి టైమింగ్ బెల్టు కాదు, చైను. ఆయిల్ సరిగ్గా మార్చని బండిలో చైను సాగిపోతాది. అది తెలియాలంటే పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయమని అడుగు, బానెట్ దగ్గర చెవి పెట్టు, మొదటి నాలుగైదు సెకన్లు గరగరమని చప్పుడొచ్చి తర్వాత తగ్గిపోతే చైను కిట్టు లెక్కలో వేసుకో, కూలీతో కలిపి పన్నెండు వేలు అటూఇటూ. ఇంజను తిరగతా ఉన్నప్పుడే ఆయిల్ పోసే మూత తీసి చూడు, సన్నగా ఆవిరి వస్తే పర్లేదు, బుస్సు బుస్సుమని పొగ తన్నితే పిస్టన్ రింగులు అరిగినట్టు, ఆ బండి జోలికి పోవద్దు, ఇంజను విప్పితే యాభై అరవై వేలకి తక్కువ కాదు.

రేడియేటర్‌లో రంగు చూడు. పచ్చగానో ఎర్రగానో కూలెంట్ ఉంటే మంచిది, తుప్పు నీళ్ళు కనిపిస్తే ఎవరో మామూలు నీళ్ళు పోస్తా వచ్చినట్టు.

క్లచ్ సెట్టు పదివేలు దాటుతాది, ముందు చక్రాల షాక్‌లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని పట్టుకునే కడ్డీకుండే రబ్బర్లు) కలిపి ఇంకో పదివేలు, ఈ రెండూ ఎట్లా ఉన్నా పెట్టుకోవాల్సిందే అనుకో.

ఆ పైన బొక్కలు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వానకి నీళ్ళు లోపలికి దిగి కార్పెట్ కింద నిలబడతాయి, పైకి కనపడదు. కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడు, చెమ్మగా ఉన్నా ముక్కిన వాసన వచ్చినా ఫ్లోరు తుప్పు పట్టిందని అర్థం. సైరన్, సెట్టు పీకేటప్పుడు వైర్లు కోసి అట్లే వదిలేస్తారు, టేపు కూడా చుట్టరు, రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోయేది ఇందుకే. మంచి ఎలక్ట్రీషియన్‌తో ఒక పూట కూర్చోబెట్టి అనవసరమైనవన్నీ తీయించేయ్.

చిత్తూరు సెకండ్స్:
కాగితాల సంగతి నేను చెప్తా. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ బండ్లకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు, అవి స్క్రాప్‌కే పోవాల, ఎవరన్నా చవగ్గా ఇప్పిస్తామంటే నమ్మొద్దు. నువ్వు చూసింది 2014 కాబట్టి ఇబ్బంది లేదు. తేదీ మాత్రం ఆర్సీలో చూసుకో. 2029లో ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ కట్టాల, 2022లో పెంచినప్పటి నుంచి కారుకి ఐదు వేలు. పాట మీద జీఎస్టీ అదనంగా ఉంటాది, ధరావత్తు ముందే కట్టాల, షరతుల కాగితం మొత్తం చదువు. సైరన్, స్టిక్కర్లు ఏవీ ఉంచుకోవద్దు.

పుత్తూరు వాసు:
మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు, అక్కడ పోలీసు బండి అంటే ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా, 4.6 లీటర్ల వీ8, 2011 దాకా తయారైంది, వేలంలో జనం ఎగబడి కొనేవాళ్ళంట. అక్కడా ఇదే గోల, ఒక గంట ఐడిలింగ్ అంటే 33 మైళ్ళు నడిచినట్టు లెక్కేసుకోమని ఫోర్డే చెప్పింది, మన లెక్కలో 53 కిలోమీటర్లు. పాతవాటిలో ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ పగిలి కూలెంట్ కారిపోవడం పెద్ద కంప్లైంటు. అంటే ఏ దేశంలోనైనా పోలీసు బండికి మీటరు చూసి లాభం లేదు.

చంద్రగిరి కుర్రోడు:
అందరికీ చానా థ్యాంక్స్ అన్నా. ఇంకొక్క డౌటు, నాయన్ని తిరుమలకి తీసుకుపోవాలని ఉంది, ఇట్లాంటి బండితో ఘాట్ ఎక్కొచ్చా?

ఆటోనగర్ మెకానిక్:
ఎక్కేదానికి ఢోకా లేదు తమ్ముడూ, దిగేటప్పుడే జాగ్రత్త. ముందు చక్రాల బ్రేకు డిస్కులు, ప్యాడ్లు, వెనక లైనర్లు అన్నీ చూపించుకో, బ్రేక్ ఆయిల్ పాతదైతే మార్చేయ్, అది నీళ్ళు పీల్చుకుని ఉంటే ఘాట్ వేడికి పెడల్ మెత్తగా దిగిపోతాది. రెండో గేర్లో దిగు, బ్రేకు మీదే కాలు పెట్టొద్దు. పైకి చేరినాక ఇంజను వెంటనే ఆపకుండా ఒక నిమిషం అట్లే వదిలి ఆపు, టర్బో చల్లారాల. పాట రెండు లక్షలు దాటితే మాత్రం వదిలేయ్, పైన కనీసం అరవై వేలు చేతిలో లేకుండా ఈ బండి తీసుకోవద్దు. చూసేదానికి పోయే రోజు చెప్పు, పొద్దున ఏడు గంటలకైతే నేనూ వస్తా, ఇంజను చల్లగా ఉండగానే స్టార్ట్ చేసి చూద్దాం.