కొమ్ము విరిగిన సిరికొమ్ముని మందలో ఉంచాలా, వెలి వెయ్యాలా?

మూడులాంతర్లు (చర్చ మొదలుపెట్టినవారు)

మనం కలిసి అల్లుతున్న సిరికొమ్ముల లోకం ఒక ఆచారం దగ్గర ఆగిపోయింది. కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. సిరికొమ్ములంటే నుదుట ఒకే కొమ్ము ఉండే కొండగుర్రాలు. సీతంపేట దాటాక కనిపించే కొండల్లాంటి చోట ఉంటాయనుకున్నాం. పేరు విజయనగరం పైడితల్లమ్మ జాతరలో ఊరేగించే పొడవాటి కొయ్య, సిరిమానుని చూసి పెట్టిందే. మందకి పెద్ద ఒక ముసలి ఆడగుర్రం, దాన్ని పెద్దమ్మి అంటాం. మాట ఇవ్వాలంటే కొమ్ముకి కొమ్ము తాకించాలి. ఎవరైనా చనిపోతే కొమ్ము తొడుగుని నోటితో లాగి, కొండ అంచున రాళ్ళ సందులో గాలికి ఎదురుగా నిలబెడతాయి. గాలి వీస్తే అది కొమ్ముబూరలా మోగుతుంది. ఆ మోతలో పోయినవాళ్ళు మాట్లాడతారని వాటి నమ్మకం.

మరి బతికుండగానే కొమ్ము విరిగితే? మాట ఇవ్వడానికి ఏమీ లేదు, చచ్చాక మోగడానికీ ఏమీ లేదు. అందుకే మంద దాన్ని వెలి వేస్తుందని రాశాను. ఇద్దరు ఫోన్ చేసి మరీ తిట్టారు. ఆ తిట్లేవో ఇక్కడే రాయండి, అందరం చదువుతాం.

నాగావళి గట్టు

పశువుల ఆసుపత్రిలో పనిచేస్తాను కాబట్టి ముందు కొమ్ము సంగతి తేల్చేద్దాం. దుప్పి కొమ్ము ఎముక, ఏటా రాలి మళ్ళీ మొలుస్తుంది. ఖడ్గమృగం కొమ్ములో ఎముకే లేదు. మన గోళ్ళలో ఉండే కెరాటినే అదీ. మొదలు చెడకుండా కోస్తే తిరిగి పెరుగుతుంది. ఆవుది, గేదెది మూడో రకం: లోపల ఎముక, పైన తొడుగు. ఎముకతో సహా మొదట్లోకి విరిగితే పాత కొమ్ము ఇక రాదు. పెద్ద పశువుల్లో ఆ ఎముక లోపల బోలుగా ఉండి, నుదుటి గాలిగదులతో కలిసిపోతుంది. అందుకే అక్కడ పుండు ముదిరితే ముక్కులోంచి చీము కారుతుంది. తొడుగు ఊడి మోగుతుందన్నారు కనుక మీది మూడో రకం. విరిగితే శాశ్వతమే.

నుదుటి మధ్యలో ఒకే కొమ్మా అని నవ్వేవాళ్ళకి ఒక మాట. 1933లో అమెరికాలోని మెయిన్ విశ్వవిద్యాలయంలో డవ్ అనే ఆయన ఒకరోజు కోడెదూడ కొమ్ముమొగ్గలు రెండింటినీ నుదుటి మధ్యకి మార్చాడు. అవి కలిసి ఒకటే కొమ్ముగా ఎదిగాయి. ఆ ఎద్దు మంద మీద పెత్తనం చేసిందని కూడా రాశాడు. అంటే కొమ్ముని బట్టి మందలో హోదా మారడం నమ్మదగ్గ విషయమే. వెలి సంగతి మీరు చూసుకోండి.

ఉద్దానం జీడిచెట్టు

ఫోన్ చేసినవాళ్ళలో నేనొకణ్ణి. మా తాత దగ్గర ఒక ఎద్దు ఉండేది. చిన్నప్పుడు బండి కింద పడి కుడి కొమ్ము పోయింది. సంతకి తోలుకెళ్తే సగం ధర కూడా పలకలేదు, తిరిగి తోలుకొచ్చేశాడు. ఆ ఎద్దే మా ఇంట్లో పన్నెండేళ్ళు దున్నింది. కనుమనాడు రెండో ఎద్దుకి రెండు కొమ్ములకీ రంగు వేస్తే, దీనికి ఒక కొమ్ముకీ, కొమ్ము పోయిన చోట నుదుటి మీదా వేసేవాడు. చిన్నపిల్లలం నవ్వితే చెర్నాకోల చూపించేవాడు. దాని ధర తగ్గించింది సంత. పక్కనున్న ఎద్దు మాత్రం ఏనాడూ కాడి పంచుకోనని మొరాయించలేదు. మీరు రాసిన మందకి సంత బుద్ధి ఎలా వచ్చింది?

ఇంకొకటి. సిరిమాను పేరు పెట్టారు కదా, ఆ మాను ఏటా కొత్తది. పూజారికి అమ్మవారు కలలో చూపించిన చింతచెట్టునే కొట్టి తెస్తారని నమ్మకం. దసరా తర్వాతి మంగళవారం ఆ కొయ్య చివర పూజారి కూర్చుంటే లక్షలమంది దండం పెడతారు. పోయినేటి మాను విరిగిందా, ఎండిందా అని అడిగినవాళ్ళు లేరు. మహిమ కొయ్యది కాదని మనూళ్ళో అందరికీ తెలుసు. మీ గుర్రాలకి తెలీదా?

అనామక పాఠకుడు

ఏటి బావూ, గుర్రాలకి ఆచారాలేటి? పని లేకపోతే వరి కోతలకి రండి, కూలీలు దొరకట్లేదు.

మూడులాంతర్లు

కోతలకి తప్పకుండా వస్తాం, కొడవలి మీరే ఇవ్వాలి. ఏనుగులు తమవాళ్ళ ఎముకల దగ్గర ఆగి తొండంతో తడుముతాయని అడవిలో పనిచేసేవాళ్ళు చాలామంది చూశారు. కురుపాం, కొమరాడ వైపు తిరిగే గుంపుని చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే రాయండి. కల్పితగుర్రం ఇంకొక్క అడుగు ముందుకేస్తే తప్పేంటి?

బొబ్బిలి వీణతీగ

నేను వెలి ఉండాలనే వైపు. జీడిచెట్టు గారి ఎద్దు కథకి నాకూ కళ్ళు చెమర్చాయి, కానీ మనం అల్లుతున్నది సమాజం. ఏ సమాజమైనా తన నమ్మకానికి ఎవరో ఒకరి చేత ఖరీదు కట్టిస్తుంది. చనిపోయినవాళ్ళు కొమ్ములో మాట్లాడతారని నిజంగా నమ్మే జాతికి, కొమ్ము లేనివాళ్ళంటే భయం వేసి తీరాలి. భయం లేదంటే నమ్మకమూ లేనట్టే. అన్నీ మంచి ఆచారాలే పెడితే అది పాఠ్యపుస్తకంలో పాఠం అవుతుంది. పరీక్ష రాసి మరిచిపోతాం.

సాలిహుండం మెట్లు

మూడో దారి ఉంది. పాళీలో చాలా పాత బౌద్ధ పద్యాలు కొన్ని ఉన్నాయి. దాదాపు ప్రతి పద్యం చివరా ఒకటే పల్లవి: ఖడ్గమృగం కొమ్ములా ఒంటరిగా తిరుగు. వంశధార ఒడ్డున మా కొండమీద స్తూపాలు కట్టిన భిక్షువులకి ఆ మాట తెలిసే ఉంటుందని నా ఊహ. మన కథలో కూడా మంద తరమకూడదు. కొమ్ము విరిగినది తనే లేచి వెళ్ళిపోవాలి. దాన్ని చూసి మిగతావి తలలు దించాలి. అప్పుడది అవమానం కాదు, సన్యాసం.

ఉద్దానం జీడిచెట్టు

మెట్లు గారూ, ఇల్లున్నవాడు ఇల్లు వదిలితే సన్యాసం. గెంటేస్తారని తెలిసి ముందే సంచి సర్దుకుంటే దాన్నేమంటారో మీకు తెలుసు.

మీరు బౌద్ధం తెచ్చారు కాబట్టి ఋష్యశృంగుణ్ణి గుర్తుచేస్తాను. తలమీద కొమ్ముతో పుట్టి, తండ్రి తప్ప ఇంకో మనిషి మొహం ఎరగకుండా అడవిలో పెరిగాడు. అంగదేశంలో కరువు. ఆయన్ని ఊళ్ళోకి రప్పిస్తేనే వాన. కాలు పెట్టాడు, కురిసింది. మన కథల్లో ఒంటికొమ్మువాడు బయట ఉన్నంతకాలం ఊరు ఎండుతుంది, లోపలికొస్తే పండుతుంది. వెలి వేసే మందకి వాన ఎక్కణ్ణుంచి వస్తుంది?

కళింగపట్నం దీపస్తంభం

ఇంతమంది ఇంత రాశారు, కొమ్ము ఎవరు విరగ్గొట్టారో ఒక్కరూ అడగలేదు. రాయికి తగిలి ఎన్ని విరుగుతాయి? అసలు కొమ్ముకి శత్రువు మనిషి. క్రీస్తుపూర్వం 400 ప్రాంతంలో, పర్షియా రాజుగారి కొలువులో వైద్యం చేసిన టెసియస్ అనే గ్రీకువాడు రాసిపెట్టాడు: ఇండియాలో ఒంటికొమ్ము అడవిగాడిదలు ఉంటాయి, ఆ కొమ్ముతో చేసిన గిన్నెలో తాగితే విషం ఎక్కదు అని. ఆయన ఇండియా మొహం చూడలేదు. ఆ ఒక్క పుకారుతో తర్వాత యూరప్ రాజులు నార్వాల్ అనే చలిసముద్రపు జీవి దంతాన్ని ఒంటికొమ్మని నమ్మి బంగారం పోసి కొన్నారు. మెలికలు తిరిగి రెండు మీటర్లకి పైనే పెరిగే పన్ను అది! కాబట్టి మన కొండల్లోనూ కొమ్ము దొంగలు ఉంటారు.

ఇక్కడే అసలు తిరకాసు. ఆఫ్రికాలో వేటగాళ్ళ నుంచి కాపాడటానికి అధికారులే ఖడ్గమృగాలకి మత్తిచ్చి కొమ్ము కోసేస్తున్నారు. కొమ్ము లేనిదాన్ని చంపితే దొంగకి గిట్టుబాటు తక్కువ. అంటే కొమ్ము విరిగిన సిరికొమ్ముకి మందలో ఎవరికీ లేని ధైర్యం ఉంటుంది. దాన్ని మంద అంచున నడిపించండి. కాపలా అదే కాస్తుంది. వెలి అక్కర్లేదు, గౌరవమూ దక్కుతుంది.

మూడులాంతర్లు

దీపస్తంభం అన్నా, ఇది అదిరింది. ఇదే ఖాయం చేసేద్దామా?

పొందూరు దూది

ఆగండి. రెండ్రోజుల నుంచి చదువుతున్నాను, ఇప్పుడు రాయక తప్పట్లేదు.

కాపలా పని అప్పగించి, ఊరి అంచున ఉండమని చెప్పి, దానికి గౌరవం అని పేరు పెట్టడం మనకి కొత్తా? ప్రతి ఊళ్ళోనూ దండోరా వేసినవాళ్ళు, చచ్చిన గొడ్డుని లాగినవాళ్ళు, రాత్రి కావలి కాసినవాళ్ళు ఎక్కడ ఉండేవారో ఇక్కడ రాస్తున్న అందరికీ తెలుసు. వాళ్ళు లేకపోతే ఊరు నడవదనీ అందరూ అనేవారు. వీణతీగ గారి వెలి అయినా నయం, అన్యాయం అన్యాయంలానే కనిపిస్తుంది. మీ కాపలాలో అది పూలదండ వేసుకుని వస్తుంది. పెట్టొద్దనట్లేదు. పెడితే, అది ఏమిటో తెలిసి పెట్టండి.

అసలు ఆ నియమం చెప్పింది ఎవరు? మూడులాంతర్లు గారి పాఠంలో “మంద వెలి వేస్తుంది” అని ఉంది. మందకి నోరుండదు. పెద్దమ్మి చెప్పిందా? ఆమె కొమ్ము బాగానే ఉందిగా. పోయినవాళ్ళ మోతకి అర్థం చెప్పేది ఆమె ఒక్కతేనా? అలాగైతే మోగని గుర్రం ఉండటం ఎవరికి ఇబ్బందో తెలుస్తూనే ఉంది.

మా ఊళ్ళో ఖద్దరుకి దూది ఏకడానికి వాలుగ చేప దవడ వాడతారు. చచ్చిన చేప పళ్ళు. మోగదు, మాట్లాడదు. అది లేకపోతే మాత్రం ఆ సన్నటి నూలు రాదు.

బొబ్బిలి వీణతీగ

దూది గారూ, పెద్దమ్మి సంగతి నాకు తట్టలేదు. నా వాదనలో సగం ఒప్పుకోలుగా వెనక్కి తీసుకుంటున్నాను. భయం ఉండాలన్నాను, ఆ భయాన్ని ఎవరు పోషిస్తున్నారో రాయలేదు. మిగతా సగం నా దగ్గరే ఉంచుకుంటాను: చివర్లో అందరూ కావలించుకుని ఏడిస్తే మాత్రం నేను ఈ లోకంలోంచి తప్పుకుంటాను.

సాలిహుండం మెట్లు

సంచి సర్దుకోవడం మాట బాగా తగిలింది జీడిచెట్టు గారూ. సన్యాసం వెనక్కి తీసుకున్నాను.

మూడులాంతర్లు

రాత్రి కూర్చుని మళ్ళీ రాశాను. వెలి ఉంది, కానీ ఆచారంగా లేదు. మూడు తరాల కింద ఒక పెద్దమ్మి తన చెల్లెలి కొమ్ము విరిగాక మొదలుపెట్టిందని చేర్చాను. చెల్లెలికి మోతల అర్థం అక్క కంటే బాగా తెలిసేది. ఇప్పుడున్న కొమ్ము విరిగిన గుర్రం కాపలా కాయదు, సన్యాసమూ తీసుకోదు. రోజూ మందతోనే ఊటకి వస్తుంది. నీళ్ళ దగ్గర ఎవరు ముందు తాగాలన్నది మాత్రం తేలలేదు, అక్కడ ఖాళీ వదిలాను.

పొందూరు దూది

ఆ ఖాళీ నాకివ్వండి. ఆదివారం లోపు రాసి పంపుతాను.

అనామక పాఠకుడు

కోతలు శనివారం.