మన పత్తి యంత్రాలకు పనికిరాలేదన్నది నిజమేనా? స్కూలు ఎగ్జిబిషన్ బోర్డులకు సరిచూసి చెప్పండి

చార్టుపేపర్ (మలక్‌పేట, హైదరాబాద్)

తొమ్మిదో తరగతి పిల్లలతో "పత్తి, పారిశ్రామిక విప్లవం" మీద ఆరు బోర్డులు చేయిస్తున్నాం. మూడు చోట్ల ఆగిపోయాం.

ఒకటి. జెన్నీ (నూలు వడికే యంత్రం) ఒకేసారి ఎనిమిది దారాలు వడికిందని పాఠంలో ఉంది. అంత పని చేసే యంత్రం చేతిలో ఉండగా ఆర్క్‌రైట్ వాటర్ ఫ్రేమ్ (నీటి బలంతో నడిచే ఇంకో వడికే యంత్రం) ఎందుకు కావాల్సి వచ్చింది? అది ఎక్కువ దారాలు తీసినందుకా?

రెండు. "భారత పత్తి పొట్టి పింజది (పోగుల పొడవు తక్కువ), నాసిరకం, అందుకే ఇంగ్లండ్ మిల్లులు అమెరికా పత్తి వాడాయి" అని చాలాచోట్ల రాసి ఉంది. పొట్టి పింజ అయితే యంత్రంలో అసలు ఏమవుతుంది? పిల్లలకు చేత్తో చేసి చూపించే వీలుందా?

మూడు. తెల్లవాళ్లు మన మస్లిన్ నేతగాళ్ల బొటనవేళ్లు నరికారన్న వాక్యం. బోర్డు మీద ఉంచాలా, తీసేయాలా?

చివరి బోర్డు మన హైదరాబాద్ గురించి. అందులో ఏం పెట్టొచ్చో కూడా చెప్పండి.

పడుగుపేక

మొదటి ప్రశ్నకు జవాబు దారాల సంఖ్యలో లేదు, దారం రకంలో ఉంది. మగ్గం మీద పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డ దారం) రెండూ నూలే అయినా చేసే పని వేరు. పేక దారం నాడెలోంచి వచ్చి ఒకసారి పడుకుంటే దాని కష్టం అయిపోయింది. పడుగు అలా కాదు. బిగువుగా లాగి కట్టి ఉంటుంది, ప్రతి పోటుకీ పైకీ కిందకీ లేస్తుంది, పన్నె (మగ్గంలో దువ్వెన లాంటి భాగం) పళ్ల మధ్య వేలసార్లు రాపిడి తింటుంది. పురి చాలని దారాన్ని పడుగులో వేస్తే గంట గడవకుండానే తెగడం మొదలవుతుంది.

జెన్నీ నూలు మెత్తన, పురి తక్కువ. పేకకు సరిపోయింది, పడుగుకు నిలవలేదు. అందుకే ఇంగ్లండ్ నేత సీమ లాంకషైర్‌లో పడుగుకు అవిసెనార దారం, పేకకు పత్తి నూలు వేసి కలనేత బట్ట నేసేవాళ్లు. మన దగ్గర పడుగూ పేకా రెండూ పత్తే, రాట్నం మీద వడికినవే. పడుగుకు గంజి పెట్టి, కుంచెతో దువ్వి, ఆరబెట్టి మగ్గానికి ఎక్కించేవాళ్లు. మచిలీపట్నం నుంచి ఓడలెక్కిన బట్టంతా ఇలా పుట్టిందే. ఇంగ్లండ్ వాళ్లకు చేతకానిది ఆ పత్తి పడుగే.

ఆర్క్‌రైట్ 1769లో పేటెంటు తీసుకున్న యంత్రంలో జతజతలుగా రోలర్లు ఉంటాయి. వెనక జత నెమ్మదిగా, ముందు జత వేగంగా తిరుగుతాయి. ఆ తేడాతో ఏకు (వడకడానికి చుట్టిన దూది) సాగి సన్నబడుతుంది, తర్వాత ఫ్లయర్ అనే తిరిగే భాగం గట్టిగా పురి పెడుతుంది. నూలు ముతకే గానీ పడుగుకు నిలిచింది. 1771లో క్రామ్‌ఫర్డ్‌లో ఏటి నీటితో నడిచే మిల్లు మొదలైంది. పూర్తి పత్తి బట్టను ఇంగ్లండ్‌లో నేసి అమ్ముకోవడానికి చట్టం వీలిచ్చింది 1774లో. బోర్డు మీద ఈ రెండు సంవత్సరాలూ పక్కపక్కన పెట్టండి, కథ దానంతటదే అర్థమవుతుంది. జెన్నీనీ వాటర్ ఫ్రేమ్‌నీ కలిపి క్రాంప్టన్ 1779లో చేసిన మ్యూల్‌తో సన్న నూలు కూడా సాధ్యమైంది.

లెక్క కావాలంటే: ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్నుంటే అది అన్నో నంబరు. అంగుళానికి ఎన్ని పురులు కావాలో తెలియాలంటే నంబరు వర్గమూలాన్ని ఒక గుణకంతో గుణిస్తారు. పేకకు ఆ గుణకం సుమారు 3.3, పడుగుకు 4.2 అనుకోండి. 36 నంబరుకు వర్గమూలం 6. అంటే పేకకు అంగుళానికి 20 పురులు, పడుగుకు 25. ఆ అయిదు పురుల తేడా కోసమే అంత తిప్పలు. ఇంకా పెంచుకుంటూ పోతే బలం పెరగదు సరికదా, దారం మెలికలు తిరిగి ముడిపడి అక్కడే తెగుతుంది.

వేగం చూపించాలంటే ఒక్క పోలిక చాలు. 100 పౌన్ల పత్తి వడకడానికి మన రాట్నం మీద 50,000 గంటలకు పైగా పట్టేది. క్రాంప్టన్ మ్యూల్ మీద అది సుమారు 2,000 అయింది, 1825 నాటి రాబర్ట్స్ ఆటోమేటిక్ మ్యూల్ మీద 135.

గింజదూది

పైన చెప్పినదానికి ఒక సవరణ లాంటిది. జెన్నీ పుట్టింది 1764 ప్రాంతంలో, పేటెంటు 1770లో. అంతకుముందే దాన్ని చేసిన హార్‌గ్రీవ్స్ కొన్ని యంత్రాలు అమ్మేసుకోవడంతో ఆ పేటెంటు నిలవలేదు. పిల్లలు రెండు చోట్ల రెండు సంవత్సరాలు చూసి గందరగోళపడేది ఇక్కడే.

ఇక పింజ సంగతి. "నాసిరకం" అనే మాట బోర్డు మీద నుంచి తీసేయండి. ఢాకా మస్లిన్ నేసింది పొట్టి పింజ దేశవాళీ పత్తితోనే. నాసిరకం పత్తికి ఆ పని సాధ్యమా? అసలు విషయం రోలర్ల మధ్య దూరం. రెండు జతల మధ్య ఎడం పింజ పొడవు కంటే కొద్దిగా, రెండు మూడు మిల్లీమీటర్లు, ఎక్కువ ఉండాలి. ఎడం తక్కువైతే ఒకే పోగును రెండు జతలూ ఒకేసారి పట్టుకుని లాగుతాయి, పోగు తెగుతుంది. ఎక్కువైతే మధ్యలో పోగులను పట్టుకునేవాడు లేక గుంపులుగా కొట్టుకుపోతాయి. నూలు ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఆ సన్నం దగ్గరే తెగుతుంది.

లాంకషైర్ యంత్రాలు అమెరికా అప్‌లాండ్ పత్తికి, అంటే సుమారు 25 మిల్లీమీటర్ల పింజకు, సర్దినవి. 1861లో అంతర్యుద్ధం వచ్చి, నాలుగింట మూడు వంతులు అక్కడి నుంచే వచ్చే పత్తి ఆగిపోయింది. దాని బదులు "సూరత్" పేరుతో మన పత్తి వెళ్లింది. పింజ పొట్టి కాబట్టి పోగులు మధ్యలో తేలిపోయాయి. పైగా ఆకు, ఇసుక, గింజ ముక్కలు, తూకం కోసం చల్లిన నీళ్లు. చేసిన పనికి ఇంత అని కూలి తీసుకునే కార్మికుడికి దారం తెగిన ప్రతిసారీ డబ్బు పోయినట్టే. వాళ్లు సూరత్ పేరు చెబితే మండిపడ్డారంటే అందుకే. కల్తీ తప్పు దళారులది, అమరిక తప్పు యంత్రానిది. పత్తి మీద వేయడానికి ఇక మిగిలే తప్పు తక్కువే.

చేత్తో చూపించడం సులువు. ముందు పింజ కొలవండి. చిటికెడు పత్తిని రెండు చేతుల బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని విడదీయండి. ఒక చేతిలోని కుచ్చు కొసల నుంచి పోగులను పొరపొరలుగా లాగి, కొసలు ఒక వరసలోకి వచ్చేలా ఒకదాని మీద ఒకటి పేర్చండి. మూడు నాలుగుసార్లు అలా చేశాక నల్ల గుడ్డ మీద పరిచి, చిక్కగా ఉన్న భాగాన్ని స్కేలుతో కొలవండి. తెలంగాణలో ఇప్పుడు పండే హైబ్రిడ్ పత్తి 28 నుంచి 30 మిల్లీమీటర్ల దాకా వస్తుంది.

తర్వాత పెన్సిలు మందాన వదులు ఏకు ఒకటి చేసి రెండు చేతులతో పట్టుకోండి. వేళ్ల మధ్య 15 మిల్లీమీటర్లు ఎడం ఉంచి లాగితే కదలదు, బలంగా లాగితే టప్పున తెగుతుంది. 32 దగ్గర పట్టుకుని మెల్లగా లాగితే పోగులు ఒకదాని పక్క నుంచి ఒకటి జారుతూ ఏకు సాగుతుంది. 60 దగ్గర పట్టుకుంటే ముద్దముద్దలుగా ఊడొస్తుంది. మూడూ వరసగా చూపించాక, 32 దగ్గర సాగదీసినదానికి పురి పెట్టి లాగమనండి. రాదు. ఇంతకుమించి ఉపన్యాసం అక్కర్లేదు.

గింజ తీసే యంత్రం (జిన్ను) అమెరికావాడు విట్నీ 1793లో కనిపెట్టాడు అని రాస్తే తప్పు. చేతి రోలర్ జిన్ను మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, చెక్క మీద ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు. విట్నీది రంపపు పళ్ల జిన్ను. గింజను గట్టిగా అంటుకుని ఉండే అప్‌లాండ్ పత్తిని రోజుకు 50 పౌన్ల దాకా శుభ్రం చేసింది. దాని వెనకే రాయాల్సినది ఇంకొకటుంది. 1790లో అమెరికాలో బానిసలు సుమారు 7 లక్షలు, 1860కి దాదాపు 40 లక్షలు. ఈ అంకె లేకుండా విట్నీ బొమ్మ పెట్టడం అన్యాయం.

కోఠీ_పాతపుస్తకం

బొటనవేళ్ల వాక్యం తీసేయండి. దాని మూలం 1772లో విలియం బోల్ట్స్ అచ్చువేసిన పుస్తకం. అందులో ఉన్నది బెంగాల్లో పట్టు దారం తీసేవాళ్ల గురించి. ఈస్టిండియా కంపెనీ మనుషుల బలవంతపు చాకిరీ తప్పించుకోవడానికి తమ బొటనవేళ్లు తామే కోసుకున్నారని రాశాడు. పత్తీ కాదు, మస్లినూ కాదు, నరికింది తెల్లవాళ్లూ కాదు. అలాగని దోపిడీ లేదని కాదు. దాని బదులు పెట్టడానికి నిఖార్సైన విషయాలున్నాయి. అచ్చు వేసిన మన కాలికోలు (నూలు బట్టలు) ఇంగ్లండ్‌లో ధరించకుండా 1721లో చట్టం చేశారు. బ్రిటిష్ ఇండియాలో 1896 నుంచి దిగుమతి బట్ట మీద 3.5 శాతం సుంకం వేస్తూ, దానికి సమంగా మన మిల్లు బట్ట మీద కూడా 3.5 శాతం ఎక్సైజ్ వేశారు.

ఇంకో తేడా కూడా పిల్లలకు చెప్పండి. ముందు దెబ్బ తగిలింది నేతగాళ్లకు కాదు, ఇంట్లో రాట్నం తిప్పిన ఆడవాళ్లకు. మిల్లు నూలు చవగ్గా రావడంతో చేతిమగ్గాలు దాన్నే వాడుకుని చాలాచోట్ల బతికాయి, రాట్నాలు మూలపడ్డాయి.

హైదరాబాద్ బోర్డుకు: నిజాం రాజ్యంలోని పత్తి సీమ బేరారును 1853లో కంపెనీ తన చేతిలోకి తీసుకుంది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు 1874లో వచ్చింది. నాందేడ్, పర్భణీ వైపు పండే గావురాని దేశవాళీ పత్తికి మంచి పేరు. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర డీబీఆర్ బట్టల మిల్లు, వరంగల్‌లో 1934లో పెట్టిన ఆజంజాహీ బట్టల మిల్లు రెండూ తప్పకుండా ఉండాలి. మన ఎండాకాలం గాలికి నూలు ఎండి తెగుతుంది కాబట్టి, నేత షెడ్డులో తేమ 75 నుంచి 80 శాతం ఉంచాలి. మాంచెస్టర్‌కు ఆకాశం ఉచితంగా ఇచ్చిన తేమను ఇక్కడ యంత్రాలు పెట్టి కొనుక్కోవాల్సి వచ్చింది.

చార్టుపేపర్

అందరికీ ధన్యవాదాలండి. మెడికల్ షాపు దూదితో ఆ మూడు ఎడాల ప్రయోగం చేయిస్తే 32 దగ్గర కూడా ముద్దలుగా ఊడొస్తోంది. ఎందుకు?

గింజదూది

అది వడకడానికి చేసిన దూది కాదండీ. ఎక్కువగా మిల్లుల్లో దువ్వినప్పుడు రాలే పొట్టి పోగుల నుంచి తయారవుతుంది. నీళ్లు పీల్చాలని మరగబెట్టి పైనున్న మైనం కూడా తీసేస్తారు. మైనం పోతే పోగు పోగు మీద జారదు, పట్టుకుంటుంది. పూజా సామాను కొట్టులో వత్తుల కోసం అమ్మే గింజ పత్తి తెచ్చి, గింజలు చేత్తో తీయించండి. వేళ్లు తడిగా ఉండకూడదు, ఫ్యాను ఆపేయాలి. ఒక్కో పిల్లకు నాలుగైదు గింజల దూది చాలు.