అప్‌డేట్: మన్యంలో పోస్టింగు పూర్తయింది

హౌస్ సర్జన్సీలో (ఎంబీబీఎస్ చివర చేసే ఇంటర్న్‌షిప్) 12 వారాల కమ్యూనిటీ మెడిసిన్ (సమాజ ఆరోగ్యం) పోస్టింగును పాడేరు మన్యంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేయాలా, లేక కళాశాల దగ్గరే ఉండి పీజీ వైద్య ప్రవేశ పరీక్ష అయిన నీట్ పీజీకి చదువుకోవాలా అని ఇక్కడ అడిగాను. మన్యానికే వెళ్లమన్న సీనియర్ల మాట విన్నాను.

చదువు వెనకబడిన మాట నిజమే. అయితే, పాము కరిచిందని రాత్రివేళ మోసుకొచ్చిన ఒక రైతు రక్తాన్ని 2 మిల్లీలీటర్లు పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూసినప్పుడు అది గడ్డకట్టక నీళ్లలా జారడం (విషం రక్తానికి ఎక్కిందనడానికి అదే గుర్తు) కళ్లారా చూశాక, విరుగుడు ఎప్పుడు మొదలుపెట్టాలో పుస్తకంలో వెతుక్కోవలసిన అవసరం రాలేదు. అంతకన్నా ఎక్కువ నేర్పింది అక్కడి ఆశా కార్యకర్త. గర్భిణి ఇంటికి వెళ్తే, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారా అని అడగకుండా, అట్ట తెప్పించి మిగిలినవి లెక్కపెట్టేవారు. మొదటి సంవత్సరంలో కుటుంబ దత్తత కార్యక్రమం (వైద్య విద్యార్థులు పల్లెల్లో కొన్ని కుటుంబాల ఆరోగ్యాన్ని గమనించడం) కింద బస్సులో గుంపుగా వెళ్లి భోజనం వేళకు తిరిగొచ్చిన మాకు ఇదేమీ తెలియలేదు.

వసతి మాత్రం బాగాలేదు. వెళ్లేవారు రెండు దుప్పట్లు తీసుకెళ్లండి. పీజీలో జిల్లా రెసిడెన్సీ పేరిట జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాల్సిన 3 నెలలు ఎలాగూ ఉంటాయి కనుక, అప్పుడు కూడా మన్యం వైపే అడగాలనుకుంటున్నాను.