ఒక క్లయింట్‌కి చేసిన సెక్షన్‌ని ఇంకో క్లయింట్ సైట్‌లో వాడటం తప్పా?

ఫ్రీలాన్సర్, విజయవాడ
వర్డ్‌ప్రెస్ సైట్లు కట్టే ఎలిమెంటార్‌లో ఏ సైట్ చేసినా బాగా కుదిరిన సెక్షన్లని, అంటే పేజీలో ఒక్కో భాగాన్ని, టెంప్లేట్‌గా సేవ్ చేసి, ఇంకో సైట్‌లోకి ఎక్కించుకునే జేసన్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకుంటాను. పోయినేడాది ఒక డెంటల్ క్లినిక్‌కి సైట్ చేశాను, ఇప్పటికీ దాన్ని చూసుకునేది నేనే. ఇప్పుడు అదే ఊళ్ళో ఇంకో డెంటల్ క్లినిక్ వాళ్ళు అడిగారు. పాత హీరో సెక్షన్ (పేజీ పైన పెద్ద బ్యానరు భాగం), అపాయింట్‌మెంట్ సెక్షన్ తెచ్చి రంగులు మారిస్తే సగం పని అయిపోయినట్టే. మా ఫ్రెండ్ మాత్రం మొదటివాళ్ళు డబ్బులిచ్చి చేయించుకున్నదాన్ని నువ్వు రెండోసారి అమ్ముతున్నావు అంటున్నాడు. మీరేమంటారు?

ఏజెన్సీ డెవలపర్, హైదరాబాద్
ఇందులో తప్పేముంది బ్రో. డివి అనే ఇంకో సైట్ బిల్డర్ వాళ్ళ డివి క్లౌడ్ ఉన్నదే సెక్షన్లు ఒకచోట దాచుకుని ఏ సైట్‌లో కావాలంటే ఆ సైట్‌లో దించుకోవడానికి. వర్డ్‌ప్రెస్‌లో కూడా ప్యాటర్న్‌ని (సేవ్ చేసుకున్న బ్లాకుల గుంపుని) జేసన్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. ప్రశ్నలు-జవాబుల సెక్షన్‌ని ప్రతిసారీ మొదట్నుంచి కట్టాలంటే ఎవరికి లాభం? నేను ఆఫీసులో చేసినవన్నీ నా డ్రైవ్‌లో పెట్టుకున్నాను, బయట ప్రాజెక్టులకి అవే వాడతాను.

చీరల షాపు, రాజమండ్రి
నేను డబ్బులిచ్చే వైపు మనిషిని. మీ షాపు కోసమే ప్రత్యేకంగా చేస్తాం అని చెప్పి తీసుకున్నారండీ. కొన్నాళ్ళకి మా వీధిలోనే ఇంకో బట్టల షాపు సైట్ తెరిస్తే పైన బ్యానరు, కింద కలెక్షన్ల వరస, బటన్ మీద మాటలతో సహా మాదే. చూసినవాళ్ళు అది మీ బ్రాంచేనా అని అడిగారు. రెడీగా ఉన్నది పెడతాం, రేటు ఇంత అని ముందే చెప్పుంటే ఒప్పుకునేవాడినేమో. చెప్పలేదు, నా బాధంతా అక్కడే.

పాత సభ్యుడు, వరంగల్
షాపు గారి మాట అందరం వినాలి. హక్కు ఉండటం వేరు, నమ్మకం నిలబెట్టుకోవడం వేరు.

హక్కు సంగతి ముందు చూద్దాం. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఫ్రీలాన్సర్ చేసిన కోడ్, డిజైన్‌కి మొదటి హక్కుదారు ఆ ఫ్రీలాన్సరే, క్లయింట్ డబ్బులిచ్చినంత మాత్రాన హక్కు మారదు. 19వ సెక్షన్ ప్రకారం బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి, అందులో గడువు రాయకపోతే 5 ఏళ్ళే అనుకోవాలి, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. కానీ ఫోటోల లెక్క వేరు. క్లినిక్ వాళ్ళు డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోలు, వేరే ఒప్పందం లేకపోతే, వాళ్ళవే. హైదరాబాద్ తమ్ముడూ, జీతం మీద ఉద్యోగంలో భాగంగా చేసిన సెక్షన్లు, వేరేగా రాసుకోకపోతే, కంపెనీవి. వాటిని బయట ప్రాజెక్టులకి వాడటం నా దృష్టిలో కచ్చితంగా తప్పు.

దీనికంటే నాకు ఎక్కువ భయం వేసేది సేవ్ చేసిన ఫైల్‌లో మిగిలిపోయే పాత వివరాలు. ఫారం విడ్జెట్‌లో (పేజీలో ఫారం పెట్టే రెడీ ముక్కలో) మెయిల్ ఎవరికి వెళ్ళాలో రాసే చోట పాత క్లినిక్ అడ్రసే ఉండిపోతే, కొత్త క్లినిక్ పేషెంట్ పేరు, ఫోన్ నంబరు, పంటి సమస్య అన్నీ నేరుగా పోటీ క్లినిక్ ఇన్‌బాక్స్‌లో పడతాయి, ఇక్కడ సైట్ మాత్రం ధన్యవాదాలు అని చూపిస్తూనే ఉంటుంది కాబట్టి చాలాకాలం ఎవరికీ తెలియదు. వాట్సాప్ బటన్ నంబరు, మ్యాప్ లింకు, హెచ్‌టీఎంఎల్ విడ్జెట్‌లో అతికించిన పిక్సెల్ కోడ్ (యాడ్ల కోసం సైట్‌కి వచ్చినవాళ్ళని లెక్కపెట్టేది), బొమ్మల ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే మాటలు) కూడా చూడాలి. అందుకే సేవ్ చేసేముందే అన్నీ ఖాళీ చేసి, తెల్ల గోడల ఇల్లులా దాచుకోవాలి. ఇంకోటి, ఎన్వాటో ఎలిమెంట్స్ లాంటి చోట డబ్బు కట్టి దించుకున్న బొమ్మల్ని, లైసెన్స్ షరతులు చూసుకోకుండా సెక్షన్‌తో పాటు తీసుకెళ్ళి వాడేయకూడదు.

మీ కేసులో అపాయింట్‌మెంట్ సెక్షన్ వాడుకోండి. పేరు, ఫోన్, టైమ్ అడిగే పెట్టెలు ఎవరి సొంతమూ కావు. హీరో సెక్షన్ మాత్రం వద్దు, ఒకే ఊరు, ఒకే వ్యాపారం. కొటేషన్‌లో ఏవి రెడీమేడో, ఏవి కొత్తగా చేస్తున్నారో రాసేయండి.

ఏజెన్సీ డెవలపర్, హైదరాబాద్
ఆఫీస్ ఫైళ్ళ విషయం ఆలోచిస్తాను అన్నా. కానీ కొటేషన్‌లో రెడీమేడ్ అని రాస్తే మరుక్షణం సగం రేటుకి చెయ్యమంటారు. ఆ సెక్షన్ మొబైల్‌లో సరిగ్గా రావడానికి పెట్టిన రాత్రుల సంగతి ఎవరికీ పట్టదు.

చీరల షాపు, రాజమండ్రి
బేరం ఆడతాం బాబూ, వ్యాపారం కదా. కానీ పరీక్ష చేసి పెట్టుకున్నది, తొందరగా ఇస్తాను అని చెప్తే దానికీ విలువ కడతాం. పండగ సీజన్ ముందు వారంలో సైట్ కావాలంటే నాకు అదే కావాలి.

ఫ్రీలాన్సర్, విజయవాడ
హీరో కొత్తగా చేస్తాను, అపాయింట్‌మెంట్ సెక్షన్ వివరాలన్నీ తీసేసి వాడతాను, ఆ సంగతి కొటేషన్‌లో రాస్తాను. మొదటి క్లినిక్‌తో ఒప్పందం అంటూ ఏమీ లేదు, అంతా ఫోన్‌లో మాట్లాడుకున్నదే. వాళ్ళకి కూడా చెప్పాలా?

పాత సభ్యుడు, వరంగల్
సంతకం పెట్టిన కాగితం లేదంటే హక్కు మీ దగ్గరే ఉంది, చెప్పాలని చట్టం అడగదు. అయినా ఒక్క ఫోన్ చెయ్యండి. వాళ్ళ సైట్ చూసుకునేది ఇప్పటికీ మీరే కదా.