చెన్నైలో రాత్రి తాబేళ్ల నడకకు తొమ్మిదేళ్ల పాపను తీసుకెళ్లొచ్చా?

వేళచ్చేరి అమ్మ

నమస్కారమండీ. మాది ఒంగోలు, వేళచ్చేరికి వచ్చి రెండేళ్లయింది. మొన్న ఆదివారం పొద్దున్నే బీసెంట్ నగర్ ఎలియట్స్ బీచ్‌కి వెళ్తే ఒడ్డున పెద్ద తాబేలు చచ్చిపడి ఉంది. కళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. మా పాప ఇంటికొచ్చేదాకా "దాన్ని ఎవరు చంపారమ్మా?" అని అడుగుతూనే ఉంది. నాకు జవాబు తెలియలేదు. ఇక్కడ వాలంటీర్లు రాత్రిళ్లు తాబేలు గుడ్లు వెతుకుతూ ఒడ్డంట నడుస్తారని, మనలాంటివాళ్లూ వెళ్లొచ్చని ఆఫీసులో విన్నాను. పాప అంత దూరం నడవగలదా అని టెన్షన్. అర్ధరాత్రి పిల్లను బీచ్‌కి తిప్పుతానంటే మా అత్తగారు ఏమంటారో అదొకటి. వెళ్లినవాళ్లుంటే చెప్పండి.

తిరువాన్మియూర్ నడక

తప్పకుండా తీసుకెళ్లండి. కాకపోతే రాత్రి నడకకు ఈ ఏడు వద్దు. ముందు తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే సాయంత్రం చూపించండి.

మీరు విన్నది స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ గురించి అయ్యుంటుంది. 1988 నుంచి పనిచేస్తున్నారు. నేను ఆరేళ్లుగా ప్రతి సీజన్‌లో వాళ్లతో నడుస్తున్నాను. నీలాంకరైలో అర్ధరాత్రికి కాస్త అటూఇటూగా బయల్దేరి బీసెంట్ నగర్ చేరేసరికి తెల్లవారుజాము అవుతుంది. దాదాపు 7 కిలోమీటర్లు, అంతా కాళ్లు దిగబడే ఇసుక. పెద్దవాళ్లకే పిక్కలు పట్టేస్తాయి. పైగా తాబేలు కనబడుతుందన్న నమ్మకం లేదు. తల్లి తాబేలు గుడ్లు పెడుతుండగా ఈ ఆరేళ్లలో నేను చూసింది మూడంటే మూడుసార్లు.

ఎక్కువగా దొరికేది జాడే. తడి ఇసుక మీద ట్రాక్టర్ చక్రం పోయినట్టు ఒక చార పైకి వెళ్తుంది, పక్కనుంచి ఇంకోటి నీళ్లలోకి దిగుతుంది. రెండూ కలిసే చోట కర్రతో మెల్లగా గుచ్చి చూస్తాం. గట్టి ఇసుకలో కర్ర ఆగిపోతుంది, గూడు మీద పడితే సర్రున దిగుతుంది. అక్కణ్ణుంచి చేతులతోనే తవ్వాలి. నేను మొదటిసారి తవ్వినప్పుడు మోచేతి దాకా చెయ్యి లోపలికి పోయాక వేళ్లకు గుడ్డు తగిలింది. టేబుల్ టెన్నిస్ బంతంత ఉంటుంది. కోడిగుడ్డు పెంకులా గట్టిగా ఉండదు, వేలితో తాకితే కొంచెం లోపలికి నొక్కుకుంటుంది. ఒక్కొక్కటీ తీసి లెక్కపెడితే 112. వాటిని హాచరీకి, అంటే గుడ్లను కాపాడి పొదిగించే చోటికి తెచ్చి, అదే లోతులో, మూతి సన్నగా అడుగు వెడల్పుగా కుండలాంటి గుంట తీసి పూడ్చాం. ఆ రాత్రి చేతికంటిన జిగురు వాసన నాకిప్పటికీ గుర్తే.

అక్కడే వదిలేస్తే ఏమని అడుగుతారు. కుక్కలు తవ్వుకుపోతాయి. అవి వదిలినా, తాబేలు పిల్లలు రాత్రి బయటికొచ్చి వెలుతురున్న వైపు పోతాయి. మామూలుగా అయితే సముద్రమే వెలుగ్గా ఉంటుంది. మన ఊళ్లో వీధి దీపాలు ఉంటాయి కదా, రోడ్డెక్కేస్తాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను, ఫ్లాష్ వద్దు. రెండేళ్ల కిందట కొట్టివాక్కం దగ్గర ఒక తల్లి నీళ్లలోంచి లేచి పదడుగులు పైకొచ్చింది. ఎవరో కుర్రాళ్లు ఎదురుగా నిలబడి ఫోన్ ఫ్లాష్ కొట్టారు. అది కదలకుండా కాసేపు ఆగి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. మేం పరిగెత్తి వెళ్లేలోపే అలల్లో కలిసిపోయింది. కడుపునిండా గుడ్లతో అలా తిరిగి వెళ్లిపోవడం చూసి నాకు ఏడుపొచ్చింది.

పట్టపుపాలెం

పాప అడిగినదానికి నేను చెబుతాను. మాది నెల్లూరు జిల్లా, వేట మీద బతికిన ఇల్లు. తాబేలు నీళ్లలో ఉన్నా ఊపిరికి పైకి రావాల్సిందే. ట్రాలర్ అనే పెద్ద మరబోటు వల గంటల తరబడి అడుగున లాగుతూనే ఉంటారు. అందులో చిక్కితే పైకి రాలేదు, ఊపిరాడక చస్తుంది. కళ్లు పొడుచుకొచ్చాయన్నారు కదా, అది ఆ చావు గుర్తే. 2025 జనవరిలో చెన్నై చుట్టుపక్కల తీరానికి వెయ్యికి పైగా ఇలాగే కొట్టుకొచ్చాయి.

తమిళనాడులో మరబోట్లు ఒడ్డు నుంచి 5 నాటికల్ మైళ్ల లోపల వేటాడకూడదు, అయినా వస్తుంటాయి. తాబేళ్లు గుడ్ల కోసం వచ్చి తిరిగేది ఆ దగ్గరి నీళ్లలోనే. వలకు టెడ్ అని ఒక చట్రం బిగిస్తే తాబేలు దాని కిటికీలోంచి బయటపడుతుంది. దానివల్ల కొంత చేప కూడా పోతుందని చాలామంది బిగించరు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం ఉంది, అప్పటికి గుడ్ల సీజన్ చాలావరకు అయిపోతుంది. పాపకు మాత్రం జాలరులంతా చంపుతారని చెప్పకండమ్మా. మా నాన్న వలలో పడ్డ తాబేలును వల కోసి మరీ వదిలేవాడు. వల పోతే ఆ వారం ఇంట్లో ఇబ్బందే.

వేళచ్చేరి అమ్మ

ఇద్దరికీ చాలా థాంక్సండీ. వల కోసిన సంగతి పాపకు చదివి వినిపించాను, మళ్లీ చదవమంది. సాయంత్రమైతే తానూ వస్తానని అత్తగారు అన్నారు. తాబేలు పిల్లల్ని పాప చేత్తో పట్టుకోవచ్చా?

తిరువాన్మియూర్ నడక

వద్దండీ. ఇసుక మీద వదిలాక వాటంతటవే నీళ్లదాకా నడవాలి. మార్చి, ఏప్రిల్‌లలో బీసెంట్ నగర్ హాచరీ దగ్గరికి పొద్దు వాలకముందే చేరుకోండి. గుడ్లు పొదగడానికి 45 రోజులు దాటుతుంది కాబట్టి ఇప్పుడే వెళ్తే ఉండవు. ఆ రోజు పిల్లలు వస్తాయో లేదో వాళ్లను కనుక్కునే బయల్దేరండి. పాపను జనం దాటకుండా కట్టే తాడుకి ఇవతల ముందు వరసలో కింద కూర్చోబెట్టండి. అవి అరచేతిలో సగం కూడా ఉండవు, నిలబడితే కనిపించవు. అత్తగారికి ఒక చిన్న స్టూలు తెచ్చుకోండి, చీకటి పడేదాకా ఉండాల్సొస్తుంది.